అర ఫీటు జాలి

జహీరాబాద్ బస్టాండు వెనక సందులో శంకరప్ప ఇనుప సామాన్ల దుకాణం ఉంది. అందులో పద్దెనిమిదేళ్ళుగా పనిచేస్తున్న బస్వరాజ్ రోజుకు తక్కువలో తక్కువ ముప్పైసార్లు ఒకే మాట అంటాడు. "జాలి ఎన్ని ఫీట్లు గావాలె?" దోమలు రాకుండా కిటికీకి కొట్టే సన్న జాలి, కోళ్ళ గూటికి పెద్ద కళ్ళ జాలి, ఇసుక జల్లించుకునే గట్టి జాలి. ఆ దిక్కున జాలి అంటే ఇనుప తీగల అల్లిక, అంతే. ఎవరినైనా చూసి మనసు కరిగితే "పాపం" అంటారు, మరీ కరిగితే "తరస్ వచ్చింది" అంటారు. దానికి జాలి అనే పేరు పుస్తకాల్లో చదవాల్సిందే, సినిమాల్లో వినాల్సిందే. ఇదంతా ముందే ఎందుకు చెబుతున్నానంటే, బస్వరాజ్ కొంప మునిగింది ఈ మాట దగ్గరే.

మనిషికి నలభై రెండేళ్ళు. ఎడమచేతి వాటం. కోసిన జాలిని కోసినట్టే చుట్టి ఇవ్వడు. కత్తెర పడ్డ చోట తీగ కొనలు సూదుల్లా లేచి ఉంటాయి కదా, పట్టకారుతో వాటిని లోపలికి మడుస్తాడు, మూలల దగ్గర రెండు మడతలు వేస్తాడు, అప్పుడు చుట్టి ఇస్తాడు. శంకరప్ప గొణుగుతూనే ఉంటాడు, "టైం వేస్ట్ రా బస్వా, ఇంటికి వొయి వాళ్ళే మడుసుకుంటరు" అని. బస్వరాజ్ వినడు. వినకపోవడం కూడా కాదు, తాను మడుస్తున్నానన్న ధ్యాసే ఉండదు. చెయ్యి దాని పని అది చేసుకుపోతుంది.

ఆ చేతికి ఇంకో పని కూడా వచ్చు. కరోనా రోజుల్లో దుకాణం మూతపడ్డప్పుడు, ఏం తోచక ఫోన్‌లో బొమ్మలు గీసే యాప్ ఒకటి పెట్టుకున్నాడు. వేలితో గీయడమే. గాజు పలక మీద గాజు పలక పేర్చినట్టు అందులో పొరలుంటాయి. ప్రతి పొర పక్కన ఒక కన్ను గుర్తు. కన్ను మూస్తే ఆ పొర మీది బొమ్మ మాయమవుతుంది, తెరిస్తే మళ్ళీ వస్తుంది. చెరిగిపోవడం ఉండదు. ఈ కన్ను సంగతి కూడా గుర్తుంచుకోండి, పనుంది.

గీసిన బొమ్మలు ఎవరికి చూపించాలి? శంకరప్పకు చూపిస్తే "మంచిగున్నది, గా రేకులు లోపల పెట్టు" అన్నాడు. భార్య మహాదేవికి చూపిస్తే "బర్రెకు నాలుగు కాళ్ళు గీసినవ్, సంతోషం" అంది. అలాంటప్పుడు దొరికింది "వేలిగీత" అనే వాట్సాప్ గ్రూపు. రాజమండ్రిలో ఉండే మదన్‌మోహన్ అనే రిటైరైన డ్రాయింగ్ మాస్టారు దాన్ని నడుపుతారు. యాభై మూడు మంది. ఒంగోలు, శ్రీకాకుళం, బెంగళూరు, ఎక్కడెక్కడి వాళ్ళో. ఒకరి ముఖం ఒకరు చూసింది లేదు. రూలు ఒక్కటే: వేలితోనే గీయాలి, ఫొటో మీద గీతలు దిద్దకూడదు, మెషీన్‌ను అడిగి గీయించుకోకూడదు. ప్రతి ఆదివారం పొద్దున మాస్టారు ఒక మాట ఇస్తారు. సాయంత్రంలోగా ఆ మాటకు బొమ్మ గీసి పెట్టాలి. నచ్చినవాళ్ళు కింద ఒక పువ్వు పెడతారు. బస్వరాజ్ తన పువ్వులు ఎంత శ్రద్ధగా లెక్కపెట్టుకునేవాడో, దుకాణంలో మేకులు కూడా అంత శ్రద్ధగా లెక్కపెట్టలేదు.

ఏడాది చివర ఆ గ్రూపు వాళ్ళు ఒక క్యాలెండర్ అచ్చు వేయించుకుంటారు. పన్నెండు నెలలకు పన్నెండు బొమ్మలు, అట్ట మీద ఒకటి. అట్ట అంటే అట్టే మరి, ఏడాది మొత్తానికీ రాజు. బస్వరాజ్‌కు మొదటి ఏడు ఫిబ్రవరి దొరికింది. రెండో ఏడూ ఫిబ్రవరే. "గన్ని నెలలల్ల నాకు ఇరవై ఎనిమిది రోజులదే దొరికిందా?" అని మహాదేవి దగ్గర వాపోయాడు. ఈ ఏడు మాత్రం "మట్టి" అనే మాటకు అల్లం కడిగే ఆడవాళ్ళ చేతులు గీశాడు. ముప్పై ఒక్క పువ్వులు పడ్డాయి. మాస్టారు స్వయంగా ఫోన్ చేసి, "ఈసారి అట్ట నీదేనయ్యా బస్వరాజ్, రాసి పెట్టుకో" అన్నారు. రాసి పెట్టుకుంటే బాగుండేది. కానీ ఈయన ఊరంతా చెప్పుకున్నాడు. శంకరప్ప ముచ్చటపడి, గల్లాపెట్టె పైన గోడకు ముందుగానే మేకు కూడా కొట్టించాడు. "జనవరి వరకు గీడ నీ బొమ్మ ఏలాడాలె" అన్నాడు. ఆ రోజు నుంచి బస్వరాజ్ కళ్ళు గిరాకీ మీద కంటే ఆ ఖాళీ మేకు మీదే ఎక్కువ ఉండేవి.

సెప్టెంబరు ఆఖర్లో న్యాల్‌కల్ నుంచి ఒక పిల్ల దుకాణానికి వచ్చింది. పేరు ప్రియదర్శిని, ఇరవై నాలుగేళ్ళుంటాయి, ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. తల్లి ఎల్లమ్మకు డెంగీ వచ్చి తగ్గింది, కిటికీకి జాలి కొట్టించమని దవాఖానలో చెప్పారు.

"అన్నా, నాలుగు ఫీట్ల జాలి గావాలె. అమ్మ మంచం కిటికి పక్కనే ఉంటది. చెయ్యి ఊకె కిటికి మీదనే పెడ్తది, జర మంచిది ఇయ్యి."

బస్వరాజ్ కోశాడు, కొనలు మడిచాడు, చుట్టి ఇచ్చాడు. "నాలుగున్నర కోసిన. అర ఫీటు ఊరికెనే. మూలలకు పనికొస్తది తీస్కపో" అన్నాడు. ఆ పిల్ల చుట్ట అందుకుంటూ కొలబద్ద పక్కనున్న ఫోన్ చూసింది. అల్లం కడిగే చేతులు తెర మీద వెలుగుతున్నాయి.

"అన్నా, గిది నువ్వే గీసినవా?"

ఇంకేం కావాలి! బస్వరాజ్ ఛాతీ రెండంగుళాలు పెరిగింది. ఆ పిల్ల సిగ్గుపడుతూ తన ఫోన్ తీసి తనూ వేలితో గీసిన బొమ్మలు చూపించింది. కోళ్ళు, కుట్టుమిషను, వాళ్ళమ్మ పాదాలు. బస్వరాజ్ పెద్దమనిషిలా కళ్ళు చికిలించి చూశాడు. "పర్వలేదు. గీత జర వణుకుతుంది. ప్రాక్టీస్ చెయ్యాలె" అన్నాడు. అక్కడితో ఊరుకున్నా పోయేది. అప్పటికప్పుడు మాస్టారిని అడిగి ఆ పిల్లను గ్రూపులో చేర్పించాడు. "మా ప్రాంతపు చెల్లెలు. కొత్తగా నేర్చుకుంటోంది. తప్పులుంటే పెద్దమనసుతో క్షమించి ప్రోత్సహించగలరు" అని రాశాడు. రాసినదాన్ని మూడుసార్లు చదువుకుని తన పెద్దమనసుకు తనే మురిసిపోయాడు.

మొదటి ఆదివారం ఆమె బొమ్మకు ఐదు పువ్వులు. అందులో ఒకటి బస్వరాజ్‌దే. రెండో ఆదివారం తొమ్మిది. "వెల్ డన్ చెల్లె" అని పెట్టాడు. నాలుగో ఆదివారం ఆమెకు పంతొమ్మిది వచ్చాయి, ఆయనకు పదిహేడు. ఆ రోజు బస్వరాజ్ పువ్వు పెట్టలేదు. నెట్ సరిగ్గా రాలేదనుకున్నాడు. తన బొమ్మను పొగిడిన ప్రతివాళ్ళకూ అదే నెట్ మీద దండాలు పెట్టుకున్న సంగతి మాత్రం మరిచిపోయాడు.

ఆ తర్వాత ఆమె బొమ్మ వస్తే చాలు, తప్పులు వెతకడం మొదలుపెట్టాడు. బర్రె చెవి కిందికుంది. చెట్టు నీడ తప్పు దిక్కున పడింది. ఒక ఆదివారం మాస్టారు, "ఈ అమ్మాయి గీతలో చిన్న వణుకుంటుంది చూశారూ, బొమ్మకు ప్రాణం ఆ వణుకేనండీ" అని రాశారు. చదివేసరికి బస్వరాజ్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ వణుకే కదా తాను తప్పన్నది! పద్దెనిమిదేళ్ళుగా ఇనుము కోస్తున్నా తన గీత మాత్రం నిలకడగా ఉంటుందని గర్వపడ్డాడే. ఇప్పుడా నిలకడే లోపమైపోయిందా?

ఇంట్లో జొన్నరొట్టె తింటుంటే మహాదేవి కాసేపు చూసి అంది:

"ఏందయ్యా, రొట్టెను గట్ల పీకుతున్నవ్? అది నిన్నేమన్నది?"

"ఏం లే."

"గా న్యాల్‌కల్ పిల్లకు మళ్ల పువ్వులెక్కువ వచ్చినయా?"

"వస్తె రానీ. నాకేంది? నాకేం ఫికర్?"

"నీకేం లేదు, నీ మొఖానికే ఉన్నది. నువ్వే గదా తోల్కవొయి కూసోబెట్టినవ్. ఇప్పుడు కూసున్నదని ఏడుస్తవా?"

నిజం చెబితే ఎవరికి నచ్చుతుంది? సగం రొట్టె వదిలేసి లేచాడు.

ఇక అసలు ఆదివారం. నవంబరు నడుమ. పొద్దున్నే మాస్టారు ఇచ్చిన మాట: జాలి.

బస్వరాజ్ ఎగిరి గంతేసినంత పని చేశాడు. "అబ్బ, నా మాటే ఇచ్చిండు మాస్టారు!" అనుకున్నాడు. రోజుకు ముప్పైసార్లు కోసే వస్తువు. కళ్ళు మూసుకున్నా గీయగలడు. చాయ్ కూడా తాగకుండా కూర్చుని, దుకాణంలో నిలబెట్టి ఉండే జాలి చుట్టను గీశాడు. ఒక్కో తీగా, ఒక్కో కన్నూ. రెండు గంటల్లో పూర్తయింది. పంపించబోతూ, ఎందుకైనా మంచిదని గ్రూపు తెరిచి చూశాడు. ఒకరు వానలో తడుస్తున్న పిల్లికూనను పెట్టారు. ఒకరు గుడి మెట్ల మీద ముసలి బిచ్చగాణ్ణి. ఒకరు ఉట్టి కన్నీటిబొట్టును. అప్పుడు గుర్తొచ్చింది ఆ పుస్తకాల అర్థం. చెవులు రెండూ వేడెక్కాయి.

"ఓరి నీ! ఎంత ఇజ్జత్ పోతుండె! ఇనుప దుకాణపోనికి జాలి అంటే ఇనుమే తెలుసని నవ్వుకుంటుండ్రి అందరు."

గబగబా ఆ పొర కన్ను మూసేశాడు. దాని మీద కొత్త పొర పరిచి, డొక్కలెండిన కుక్కను ఒకదాన్ని గీసి పంపించాడు. పన్నెండు పువ్వులు పడ్డాయి. పోనీలే, పరువు దక్కింది.

సాయంత్రం ఐదింటికి ప్రియదర్శిని బొమ్మ వచ్చింది. కిటికీ. కిటికీకి జాలి. జాలికి లోపలి వైపు నుంచి ఆనించిన ఒక ముసలి అరచెయ్యి.

బస్వరాజ్‌కు నవ్వాగలేదు. పదో తరగతి దాకా బీదర్‌లో అమ్మమ్మ దగ్గర కన్నడంలో చదివిన పిల్ల. తెలుగు మాట్లాడుతుంది కానీ పుస్తకాల మాటలు ఏం తెలుసు? అచ్చం తాను చేయబోయిన తప్పే చేసింది! ఇప్పుడు చూడు తమాషా, అనుకుని ఫోన్ పట్టుకు కూర్చున్నాడు.

తమాషా జరిగింది, కానీ ఆయన అనుకున్నది కాదు. ఒంగోలు ఆయన "ఒళ్ళు జలదరించింది" అన్నాడు. శ్రీకాకుళం ఆవిడ, "జాలి పడేవాళ్ళకూ అవతలివాళ్ళకూ మధ్య ఎప్పుడూ ఒక వల ఉంటుందన్నమాట. ఎంత ఆలోచనమ్మా!" అని రాసింది. మాస్టారైతే ఒక పేజీ. పువ్వుల మీద పువ్వులు, నలభై నాలుగు. ఆ పిల్ల అందరికీ దండం బొమ్మ ఒకటి పెట్టి ఊరుకుంది. జాలి బాగా గీసినందుకు మెచ్చుకుంటున్నారనుకుని ఉంటుంది పాపం.

"ఆలోచనా?" బస్వరాజ్ గోడతో అన్నాడు. "ఏం ఆలోచన? దోమల జాలి అది! దోమల జాలి!"

కడుపులో మండే మంటకు ఇదొక్కటే కారణమైతే ఓర్చుకునేవాడేమో. అసలు మంట వేరే. ఆ బొమ్మ తన దగ్గరా ఉంది. ఆమెకంటే ఏడు గంటలు ముందు గీశాడు. నవ్వుతారని భయపడి తన చేతులతో తనే కన్ను మూశాడు. అర్థం తెలియని పిల్ల పెట్టేసింది, గొప్పదైపోయింది. అర్థం తెలిసి, సిగ్గుపడి, దాచుకున్నవాడికి డొక్కల కుక్కా పన్నెండు పువ్వులూ మిగిలాయి. ఇదెక్కడి న్యాయం!

ఆ తర్వాతి రోజులు నరకమే. దుకాణానికి వచ్చిన ప్రతివాడూ "అన్నా, జాలి ఉన్నదా?" అంటాడు. చిరాగ్‌పల్లి నుంచి వచ్చిన ఈరయ్య అనే ముసలాయన కోళ్ళ గూటికి జాలి అడిగి, "గట్ల కొరకొర సూస్తవేంది బిడ్డా, ఉంటె ఉన్నదను, లేకుంటె లేదను" అని కసురుకున్నాడు. బస్వరాజ్ ఆమె బొమ్మను రోజుకు పదిసార్లు తెరిచేవాడు, తెరిచిన వెంటనే మూసేసేవాడు. వేలితో పెద్దది చేసి మాత్రం ఒక్కసారీ చూడలేదు. దగ్గరికెళ్ళి చూస్తే ఎక్కడ బాగుంటుందోనని భయం.

డిసెంబరు మొదటి వారంలో మాస్టారు అట్ట బొమ్మకు ఓటింగ్ పెట్టారు. పోటీలో రెండే బొమ్మలు: బస్వరాజ్ "అల్లం చేతులు", ప్రియదర్శిని "జాలి". ఓటింగ్ తెరిచిన నిమిషంలోనే బస్వరాజ్ తన ఓటు తనకు వేసుకున్నాడు. పొద్దున పదింటికి ఇద్దరికీ తొమ్మిదేసి. పన్నెండుకు ఆయన ఇరవై, ఆమె ఇరవై రెండు. మూడింటికి ఆయన ఇరవై ఒకటి, ఆమె ఇరవై ఆరు. గల్లాపెట్టె పైన మేకు ఖాళీగా ఉంది. శంకరప్ప మధ్యమధ్య, "ఏమయిందిరా నీ ఎలక్షన్?" అని అడుగుతున్నాడు.

ఇక ఆగలేకపోయాడు. గోదాములోకి వెళ్ళి, ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని, మైకు గుర్తు నొక్కి పట్టాడు.

"మాస్టారూ, నమస్తే. అందరికి నమస్తే. నాకు ఎవరి మీద కోపం లేదు. కని నిజం చెప్పాలె గదా. ఆ పిల్లకు జాలి అంటే అర్థమే తెల్వదు. మా దిక్కు జాలి అంటే ఇనుప జాలి, దోమలకు కిటికికి కొట్టేది. మీరు మెష్ అంటరు సూడున్రి, గదే. ఆ పిల్ల గదే అనుకుని గీసింది. ఆలోచన లేదు, ఏం లేదు. మీరందరు ఊకెనే గంత లోతుకు వొయి పొగుడుతున్నరు. గంతే. జర ఆలోచించి ఓటెయ్యున్రి."

పంపేశాడు. ఎంతమంది విన్నారోనని ఫోన్ వంకే చూస్తూ నిలబడ్డాడు. ముందుగా ఒంగోలు ఆయన రాశాడు: "అంటే వల అంటే నిజంగా వలేనా?" పక్కన నవ్వు బొమ్మలు మూడు. శ్రీకాకుళం ఆవిడ ఏదో రాసి చెరిపేసింది. బస్వరాజ్‌కు ప్రాణం లేచొచ్చింది. ఎన్నాళ్ళకు కడుపు చల్లబడింది! గోదాములో రేకుల మీద కూర్చుని కాళ్ళు కూడా ఊపాడు.

పది నిమిషాలకు ప్రియదర్శిని గొంతు వచ్చింది. మధ్యలో కుట్టుమిషను చప్పుడు ఆగింది.

"సార్, బస్వన్న చెప్పింది నిజమే సార్. నాకు జాలి అంటే గదే తెల్సు. తప్పయింది. నా బొమ్మ ఓట్లకెల్లి తీసెయ్యున్రి, అట్ట అన్నకే ఇయ్యున్రి, ఆయనే నన్ను గీడికి తెచ్చిండు. నేను గీసింది అన్న కోసిచ్చిన జాలినే సార్. అమ్మకు జెరమొచ్చి తగ్గినంక అన్న దుకాన్ల కొన్న. అర ఫీటు ఎక్కువనే ఇచ్చిండు. అమ్మ ఊకె చెయ్యి పెడ్తదంటె కొనలన్ని లోపలికి మడిచిచ్చిండు, గుచ్చుకోకుంట. ఇంటికి వొయి సూసి మస్తు మంచిగనిపించింది నాకు. గందుకే గా మడత జర ఎక్కువసేపు గీసిన. గంతే సార్. ఒక్క మాట అడుగుత, కోపం చెయ్యకున్రి. జాలి అంటే మీ దిక్కు ఏంది సార్?"

తర్వాత మాస్టారు రాశారు.

"నీకు వేరే చెప్పక్కర్లేదమ్మా. ఆ మడతను మేము జాలి అంటాం."

దాని కిందే ఇంకొకటి రాశారు. "బస్వరాజ్, ఈ మాటకున్న మీ ఊరి అర్థం మా ఎవరికీ తెలియదు. నీకు తెలుసు. మరి నువ్వెందుకు గీయలేదయ్యా?"

ఎందుకు గీయలేదా! బస్వరాజ్ రేకుల మీంచి దిగ్గున లేచాడు. గీశాను! ఆమెకంటే ముందు గీశాను! యాప్‌లో తేదీ, టైము అన్నీ ఉంటాయి, సాక్ష్యం కావాలంటే ఇదిగో! గబగబా యాప్ తెరిచాడు. డొక్కల కుక్క కనబడింది. దాన్ని పక్కకు తప్పించి, కింది పొర కన్ను తెరిచాడు. మూడు వారాల తర్వాత ఆ జాలి మళ్ళీ తెర మీదికి వచ్చింది. పంపించే గుర్తు మీద వేలు పెట్టాడు.

పెట్టి, ఆగాడు. మడత, మడత అంటున్నారు. ఒకసారి రెండూ పక్కపక్కన చూసి పంపితే మంచిది కదా. మొదటిసారి ఆమె బొమ్మను రెండు వేళ్ళతో పెద్దది చేశాడు.

కిటికీ కింది మూల. తీగ కొనలు ఒక్కొక్కటీ లోపలికి తిరిగి ఉన్నాయి. మూలన రెండు మడతలు. మడతలన్నీ కొంచెం ఎడమకు వాలి ఉన్నాయి, ఎడమచేతి వాళ్ళు మడిస్తే వాలినట్టు. ఆ వాలును కూడా వదల్లేదు పిల్ల. దాని మీద ఎల్లమ్మ చెయ్యి నిశ్చింతగా ఆనుకుని ఉంది.

తన బొమ్మకు వచ్చాడు. చక్కని జాలి. కళ్ళన్నీ సమానం, ఒక్క గీతా వణకలేదు. కోసిన అంచు దగ్గర మాత్రం తీగ కొనలన్నీ సూదుల్లా బయటికి పొడుచుకుని ఉన్నాయి. పద్దెనిమిదేళ్ళుగా రోజూ మడిచిన మనిషి, బొమ్మలో మడవలేదు. మడవాలని తట్టనైనా తట్టలేదు.

అదే బొమ్మ నా దగ్గరా ఉందని మూడు వారాలు కుళ్ళి చచ్చాడు. అదే బొమ్మ కాదది. ఆ మాట తెలిశాక కడుపుమంటకు పట్టుకోవడానికి ఒక కొమ్మ కూడా లేకుండా పోయింది. మంట మాత్రం పోలేదు. ఆ మడత నాది, నా చేతిది, ఆమె చూసిందేగానీ చేసింది నేను, అని లోపల ఒకటే రొద. చేసినవాడివి నువ్వెందుకు చూడలేదు మరి, అని దాని వెనకే ఇంకో రొద.

జాలి పొర కన్ను మళ్ళీ మూసేశాడు. ఓటింగ్ దగ్గరికి వెళ్ళి, అల్లం చేతుల మీదున్న తన ఓటు తీసి ప్రియదర్శిని బొమ్మకు వేశాడు. ఏడుస్తూనే వేశాడు. కన్నీళ్ళ ఏడుపు కాదు, ఉత్త కుళ్ళు ఏడుపు. మాస్టారికి ఇలా రాశాడు: "నవ్వుతరని సిగ్గుపడి గీయలే మాస్టారూ. గీసినా గంత మంచిగ రాకపోవు." ప్రియదర్శినికి విడిగా ఇంకొకటి: "చెల్లె, బొమ్మ తీసెయ్యకు. నేను చెప్పిన తీరు తప్పు. నా ఓటు నీకే ఏసిన. కడుపు మండుతనే ఏసిన, అబద్ధం చెప్ప."

ఆమె వెంటనే జవాబిచ్చింది. "అన్నా, నేను సుత అల్లం చేతులకే ఏసిన. గా గోళ్ళల్ల మట్టి ఎట్ల గీసినవో నాకిప్పటికీ సమజ్ కాలే."

ఆ సంగతి మహాదేవికి చెబితే, "సూడు, పిల్ల ముందుగాలనే ఏసింది. నీకు మనసొప్పనీకె మూడు వారాలు పట్టింది" అంది. ఆ పూట బస్వరాజ్ రొట్టె మొత్తం తిన్నాడు.

జనవరిలో క్యాలెండర్ వచ్చింది. అల్లం చేతులకు మళ్ళీ ఫిబ్రవరే దొరికింది. శంకరప్ప స్టూలెక్కి క్యాలెండర్‌ను మేకుకు తగిలించి, కిందికి దిగి, కళ్ళజోడు సర్దుకుని అట్ట వంక చాలాసేపు చూశాడు.

"ఏ బస్వా! ఇది మన దుకాన్ జాలి గదరా! మడత సూడు, అచ్చం నీ మడతే! నువ్వే గీసినవా?"

దుకాణంలో నలుగురు గిరాకీలున్నారు. అందరూ తలెత్తి చూశారు. అవునంటే కాదనేవాళ్ళు ఆ సందులో ఎవరూ లేరు. ఆ "అవును" నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"లే సేట్. మడిచింది నేను. గీసింది న్యాల్‌కల్ పిల్ల."

అని, కత్తెర తీసుకుని, ముందున్నాయన్ని జాలి ఎన్ని ఫీట్లు కావాలని అడిగాడు.